అమ్మాయి మణికట్టు నొప్పి, నాలుగు గంటల సాధన, మీ అమ్మగారి పాట

దేవరకొండ నుంచి మీరు పంపిన ప్రశ్నను రెండు మూడు సార్లు చదివాను. పద్నాలుగేళ్ల మీ అమ్మాయి ఆరేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోందని, సర్టిఫికెట్ పరీక్ష దగ్గర పడటంతో రోజుకు గంటన్నరగా ఉన్న సాధనను మూడు నెలల క్రితం నాలుగు గంటలకు పెంచారని రాశారు. ఇప్పుడు ఆమె ఎడమ మణికట్టు, ముంజేయి నొప్పి పెడుతున్నాయని, అయినా "చెయ్యి నొయ్యకుంటే అది సాధన ఎట్లయితది" అని దగ్గరివాళ్లు అంటున్నారని చెప్పారు. ఇంట్లో చక్కగా వాయించే వర్ణాన్ని (పల్లవి, చరణం వంటి భాగాలుండే పొడవాటి రచన) వేదిక ఎక్కగానే మరచిపోతోందన్నారు. సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్న మాట నిజమేనా అని అడిగారు. చివరగా, నాన్నగారు పోయిన నాటి నుంచి మర్రిగూడ దగ్గరి సొంతూళ్లో ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటున్న మీ అమ్మగారికి ఫోనులో పాటలు పెట్టి వినిపిస్తే మేలు జరుగుతుందా అని అడిగారు. నేను నల్లగొండలో ఇరవై ఎనిమిదేళ్లుగా వయొలిన్ నేర్పుతున్నాను. సంగీతకారుల శిక్షణ మీద, ఆరోగ్యం మీద వచ్చే పరిశోధనలను పన్నెండేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. వైద్యుణ్ని కాను కనుక ఆ హద్దులో ఉండి జవాబు రాస్తున్నాను.

ముందు చేతి సంగతి చెప్పాలి, మిగిలినవి కొంత ఆలస్యమైనా నష్టం లేదు. నాలుగు గంటల సాధనను ఈ రోజే ఆపించండి. కండరమూ, దాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనమూ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ పని పడిందని చేయి నొప్పి రూపంలో తెలియజేస్తుంది. ఆ కబురును సాధనకు గుర్తుగా భావించడం మన దగ్గర తరతరాలుగా వస్తున్న పొరపాటు. వాయిద్యకారుల గాయాలను పరిశీలించినవారికి పదే పదే ఎదురయ్యే కారణాలు కొన్నే ఉన్నాయి: వాయించే సమయం ఒక్కసారిగా పెరగడం, పరీక్షకో పోటీకో ముందు విరామం లేకుండా వాయించడం, కొత్త వాయిద్యానికి మారడం, స్థాయికి మించిన రచనను నెత్తికెత్తుకోవడం. మీ అమ్మాయి విషయంలో మొదటి రెండూ ఒకేసారి జరిగాయి. గంటన్నర నుంచి నాలుగు గంటలకు ఏడాది కాలంలో మెల్లగా పెంచి ఉంటే ఆమె చేయి అందుకు అలవాటు పడేదేమో కానీ, ఒక్క వారంలో పెంచితే ఏ చేయి అయినా మొరాయిస్తుంది.

ఇది బలహీనులకు మాత్రమే వచ్చే సమస్య అనుకోవద్దు. 1988లో ప్రచురితమైన ఒక సర్వేలో, అమెరికాలోని 48 ఆర్కెస్ట్రాలకు చెందిన 2,212 మంది సంగీతకారులను ప్రశ్నించగా, తమ వాయింపును దెబ్బతీసేంత తీవ్రమైన ఆరోగ్య సమస్య కనీసం ఒకటి ఉందని 76 శాతం మంది చెప్పారు. సంగీతకారుల, నర్తకుల జబ్బులను ప్రత్యేకంగా చూసే వైద్యశాఖ ఒకటి ఆ దశాబ్దంలోనే రూపుదిద్దుకుంది. అంతకు ముందు నొప్పి ఉందని బయటికి చెబితే అవకాశాలు పోతాయన్న భయంతో చాలామంది నోరు మెదిపేవారు కాదు. పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్‌కు ముప్పై ఆరేళ్ల వయసులో, 1964 ప్రాంతంలో, కుడిచేతి చివరి రెండు వేళ్లు తమంతట తాము ముడుచుకుపోవడం మొదలైంది. ఆ తరువాత దాదాపు ముప్పై ఏళ్లు ఆయన ఎడమచేతికి మాత్రమే రాసిన రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ గడిపారు. ఫోకల్ డిస్టోనియా అనే ఆ జబ్బు వృత్తి సంగీతకారుల్లో సుమారు నూటికి ఒకరిలో కనిపిస్తుందని, దానికి సాధారణంగా నొప్పి ఉండదని గుర్తుంచుకోండి. మీ అమ్మాయికి ఉన్నది అదేనని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. చేయి వేసే కేకను వినకుండా వాయించడం ఎంత గొప్పవారికీ క్షేమం కాదని చెప్పడానికి రాస్తున్నాను.

నా సంగతీ చెప్పాలి. పంతొమ్మిదేళ్ల వయసులో డిప్లొమా పరీక్షకు ముందు రోజుకు ఎనిమిది గంటలు వాయించాను. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కేవి. నాకు నేర్పిన పెద్దాయన కొబ్బరినూనె రాసుకుని వాయించమన్నారు. ఆయనకు నా మీద ప్రేమ లేక కాదు, ఆయనకు నేర్పినవారూ అదే చెప్పారు. పరీక్ష గట్టెక్కాను, ఆ తరువాత ఏడు నెలలు కమాను పట్టుకోలేకపోయాను. ఆ ఏడు నెలలు నేను అనుభవించిన దిగులు ఏ విద్యార్థికీ రాకూడదన్న పట్టుదలతోనే ఈ విషయాలు చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు గమనించాల్సినవి చెబుతాను. వాయించడం ఆపిన కొద్దిసేపట్లో తగ్గిపోయే అలసట వేరు, మరునాటి ఉదయానికి కూడా మిగిలి ఉండే నొప్పి వేరు. రెండోది ఉంటే వైద్యుడికి చూపించాల్సిందే. వేళ్లలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం, రాత్రి నిద్రలో మెలకువ తెప్పించే నొప్పి, నీళ్ల గ్లాసు పట్టు జారిపోవడం వంటివి కనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి, ఎందుకంటే అవి నరం మీద ఒత్తిడికి సూచన కావచ్చు. ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు వయొలిన్ వెంట తీసుకెళ్లి, అమ్మాయిని నేల మీద కూర్చోబెట్టి ఒక్క నిమిషం వాయించి చూపించమనండి. చాలామంది వైద్యులు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ ఎలా పట్టుకుంటారో దగ్గరగా చూసి ఉండరు. మన పద్ధతిలో వాయిద్యం తల కుడిపాదం మడమ దగ్గర ఆని, రెండో కొస ఎడమ ఛాతీకి ఆని ఉంటుంది కనుక, ఎడమచేయి వాయిద్యాన్ని మోయకుండా గమకాల (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) కోసం స్వేచ్ఛగా జారగలగాలి. పిల్లలు కంగారులో బొటనవేలితో వాయిద్యం మెడను నొక్కిపట్టినప్పుడు ముంజేయి మొత్తం బిగుసుకుంటుంది. మీ అమ్మాయి వాయిస్తున్నప్పుడు ఆ బొటనవేలి కింద ఒక కాగితం ముక్క పెట్టి మెల్లగా లాగి చూడండి. కాగితం సులువుగా రాకపోతే నొప్పికి కారణం సగం అక్కడే దొరికినట్టు. ఎడమ భుజం చెవివైపు లేస్తోందా, కుడి మోకాలు నేలకు ఆనక గాలిలో ఉందా అన్నవి కూడా చూడండి. కుడి మోకాలి కింద మడిచిన దుప్పటి ఒకటి పెడితే వాయిద్యం కదలకుండా నిలుస్తుంది, ఎడమచేతి భారం తగ్గుతుంది.

మీ ఊరు మర్రిగూడ వైపని రాశారు కాబట్టి ఇంకొక మాట. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతపు పెద్దవారిలో మెడ, నడుము, కీళ్లు బిగుసుకుపోవడానికి తాగునీటి ఫ్లోరైడ్ ఎంత కారణమో మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు రాకముందు ఆ పల్లెల బోరునీళ్లలో అంతకు ఎంతో మించి ఉండేది. నాకు తెలిసిన ఒక మృదంగ కళాకారుడి భుజం బిగుసుకుపోతే, రెండేళ్లపాటు అందరూ వాయిద్యాన్నే తప్పుపట్టారు, అసలు కారణం నీళ్లని తరువాత తేలింది. పద్నాలుగేళ్ల పిల్లలో ఆ స్థాయి ఎముకల సమస్య ఉండే అవకాశం తక్కువే. అయినా చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిందో వైద్యుడికి చెప్పడం వల్ల నష్టం లేదు. మీ అమ్మగారి విషయంలో మాత్రం ఇది ముఖ్యం, ఆ సంగతికి తరువాత వస్తాను.

ఇక నాలుగు గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా విద్వాంసులవుతారన్న మాట మీరూ వినే ఉంటారు. దాని మూలం 1993లో అండర్స్ ఎరిక్సన్, మరి ఇద్దరు పరిశోధకులు బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి అగ్రశ్రేణి విద్యార్థులు సగటున 7,410 గంటలు, వారి తరువాతి శ్రేణివారు 5,301 గంటలు, సంగీత ఉపాధ్యాయులు కాబోయేవారు 3,420 గంటలు ఒంటరి సాధన చేసినట్లు వారి జ్ఞాపకాల ఆధారంగా లెక్కగట్టారు. పదివేలు అన్నది ఇరవయ్యేళ్ల వయసుకు అగ్రశ్రేణివారి సగటు మాత్రమే, దాటితే చాలనిపించే గడప అందులో ఏదీ లేదు. జనం నోట మిగలని రెండు విషయాలు అదే అధ్యయనంలో ఉన్నాయి. రోజుకు దాదాపు మూడున్నర గంటలు సాధన చేసే ఆ పెద్ద విద్యార్థులు దాన్ని ఒక్క బిగిన చేయలేదు, మధ్యలో విశ్రాంతి ఉంచుకుని విడతలుగా చేశారు. పైగా వారు రోజుకు సగటున 8.6 గంటలు నిద్రపోయారు, ఉపాధ్యాయ శిక్షణవారు 7.8 గంటలే నిద్రపోయారు. గంటలను మాత్రం అరువు తెచ్చుకుని, విరామాన్నీ నిద్రనూ అక్కడే వదిలేసి వచ్చాం మనం.

తరువాత 2014లో మెక్‌నమారా, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, సంగీతంలో ఒకరికీ మరొకరికీ మధ్య కనిపించే నైపుణ్యపు తేడాలో సుమారు 21 శాతాన్ని మాత్రమే ఉద్దేశపూర్వక సాధన వివరించగలిగింది. సాధన వృథా అని దీనికి అర్థం చెప్పుకోకూడదు. గంటల సంఖ్య ఒక్కటే చూసి ఎవరు ఎంత బాగా వాయిస్తారో చెప్పలేమని మాత్రమే అర్థం.

నా బోధనను అన్నిటికంటే ఎక్కువగా మార్చింది ఇంకొక చిన్న అధ్యయనం. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్, మరి ఇద్దరు 2009లో ప్రచురించారు. పదిహేడు మంది పియానో విద్యార్థులకు ఒక కాన్సర్టోలోని చిన్న, కష్టమైన ముక్కను ఇచ్చి, ఇష్టం వచ్చినంతసేపు సాధన చేసుకోమన్నారు. మరునాడు వారి వాయింపును రికార్డు చేసి, ఎవరిది మేలో వరుసగా పేర్చారు. ఎంతసేపు సాధన చేశారన్నదానికీ, ఎన్నిసార్లు వాయించారన్నదానికీ ఆ వరుసతో సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించింది తప్పులతో. పైస్థానాల్లో నిలిచినవారు మొదట తప్పులు చేయకపోలేదు, కానీ తప్పు పడిన వెంటనే అది ఏ స్వరం దగ్గర పడిందో కచ్చితంగా పట్టుకున్నారు. అక్కడ వేగం తగ్గించి, ఆ ముక్కను సరిచేసి, అది స్థిరపడేదాకా కదలలేదు. మిగతావారు తప్పును దాటుకుంటూ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ వాయించారు, దాంతో తప్పు కూడా సాధన అయింది.

మన ఇళ్లలో జరిగేది ఈ రెండోదే. తాళం పెట్టె పెట్టుకుని పల్లవి నుంచి చివరి చిట్టస్వరం దాకా వర్ణం మొత్తం వాయిస్తారు, అనుపల్లవిలో జారుడు దగ్గర శ్రుతి తప్పుతుంది, అయినా ఆగకుండా ముగించి మళ్లీ పల్లవి ఎత్తుకుంటారు. పదిసార్లు వాయించానని లెక్క చెబుతారు. ఆ పదిసార్లలో అనుపల్లవి పదిసార్లు తప్పుగానే వాయించబడింది. ఇలా చేయమని మన సంప్రదాయం ఎప్పుడూ చెప్పలేదు. తొలి పాఠాలైన సరళి వరసల నుంచే మూడు కాలాల్లో, అంటే మెల్లగా మొదలుపెట్టి మూడు వేగాల్లో, వాయించడం నేర్పే పద్ధతి మనది. మొదటి కాలంలో ప్రతి స్వరానికీ చెవిపెట్టే వ్యవధి ఉంటుంది. తొందరలో మొదటి కాలాన్ని ఒక మొక్కుబడిగా మార్చుకున్నది మనమే. మీ అమ్మాయితో ఇలా చేయించండి: సాధన మొదలుపెట్టే ముందు ఈ పూట ఏ రెండు చోట్లు సరిచేయాలో నోటుపుస్తకంలో రాయమనండి. తప్పే ఆవర్తనాన్ని (తాళంలో ఒక పూర్తి చుట్టు) సగం వేగంలో, దానికి ముందరి రెండు తాళపు అక్షరాలూ (లెక్కలూ) తరువాతి రెండు అక్షరాలూ కలుపుకుని వాయించమనండి. వరుసగా కొన్నిసార్లు సరిగ్గా వచ్చాకే వేగం పెంచమనండి. ఇరవై ఐదు నిమిషాలు కాగానే వాయిద్యం కిందపెట్టి, లేచి, పది నిమిషాలు తిరగమనండి. ఇలాంటివి రోజుకు మూడు విడతలు మనసు పెట్టి చేస్తే, నా అనుభవంలో, పరధ్యానంగా వాయించిన నాలుగు గంటలకంటే ఎక్కువ పని జరుగుతుంది. రాత్రి మేల్కొని వాయించడం మాత్రం మాన్పించండి. నేర్చుకున్న వేళ్ల కదలికలు నిద్రలోనే గట్టిపడతాయని పలు ప్రయోగాల్లో తేలింది. 2002లో మాథ్యూ వాకర్ బృందం జరిపిన వేళ్ల వరుస ప్రయోగంలో, అదనపు సాధన ఏదీ లేకుండా ఒక రాత్రి నిద్ర తరువాత వేగం సుమారు 20 శాతం పెరిగింది.

వైద్యుడు చేతికి విశ్రాంతి చెబితే పరీక్ష పోయినట్టేనా అని మీరు కంగారు పడతారని తెలుసు. చేతులు కదపకుండానే చేసే సాధన ఒకటుంది. 1995లో ఆల్వరో పాస్కల్ లియోన్ బృందం కొందరికి పియానో మీద ఐదువేళ్ల వరుసను ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు నేర్పింది. ఒక జట్టు వేళ్లతో వాయించింది, మరొక జట్టు వాయిస్తున్నట్టు మనసులో ఊహించుకుంది. మెదడులో వేళ్లను కదిలించే భాగం రెండు జట్లలోనూ ఒకే తీరులో మారింది. ఐదు రోజులు ఊహించుకున్నవారి నైపుణ్యం, వాయించినవారి మూడోరోజు స్థాయిలో ఉంది. ఆ తరువాత ఒక్క రెండు గంటలు నిజంగా వాయించగానే వారూ మొదటి జట్టును అందుకున్నారు. మనకైతే ఇందుకు చక్కని దారి సిద్ధంగానే ఉంది: వర్ణాన్ని స్వరంతో నోటితో పాడుతూ, కుడిచేత్తో తాళం వేస్తూ, ఏ స్వరానికి ఏ వేలు పడుతుందో మనసులో చూడటం. వయొలిన్ విద్యార్థుల్లో చాలామంది పాడటానికి సిగ్గుపడతారు. కానీ పాడలేని గమకాన్ని వాయించలేరన్నది నేను ప్రతి ఏడాదీ చూస్తున్న విషయం.

వైద్యుడు సరేనన్నాక తిరిగి మొదలుపెట్టే తీరు కూడా ముఖ్యం. నేను పాటించే లెక్క రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు, మొదటి కాలంలో, సులువైన వరసలతో. మూడు రోజులు నొప్పి లేకపోతే మరో రెండు మూడు నిమిషాలు. నొప్పి మళ్లీ తల ఎత్తితే ముందరి మెట్టుకు వెనక్కి. పిల్లకు ఇది నామోషీగా అనిపిస్తుంది, పక్కన కూర్చుని ధైర్యం చెప్పాల్సింది మీరు. పరీక్ష వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

వేదిక మీద మరచిపోవడం గురించి. ఇంట్లో ఎప్పుడూ పల్లవి దగ్గరే మొదలుపెట్టి వాయించే పిల్లకు, వర్ణం ఒక పొడవాటి గొలుసులాగా చేతికి వస్తుంది. ముందు కడియం వెనక కడియాన్ని లాగుతుంది, భయంలో ఒక కడియం తెగితే తరువాతిది ఎక్కడుందో తెలియదు. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో రోజర్ చాఫిన్ ఒక పియానో విదుషీమణి కొత్త రచన నేర్చుకునే క్రమాన్ని నెలల తరబడి పరిశీలించారు. అనుభవజ్ఞులు రచనలో కొన్ని మైలురాళ్లు నాటుకుంటారని, ఎక్కడ తడబడినా దగ్గరి మైలురాయి నుంచి అందుకోగలుగుతారని ఆయన వివరించారు. కాబట్టి పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం, చరణం, ప్రతి చిట్టస్వరం పేర్లను చీటీల మీద రాసి గిన్నెలో వేయండి. తీసిన చీటీలో ఉన్న చోటు నుంచి వెంటనే ఎత్తుకుని వాయించడం అలవాటు చేయండి. నా దగ్గర పిల్లలందరూ ఇది చేస్తారు.

రెండోది, జనం ముందు వాయించడం జనం ముందే అలవాటవుతుంది. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ విద్యార్థుల కోసం తెర మీద ప్రేక్షకులు, న్యాయనిర్ణేతలు కనిపించే కృత్రిమ వేదికను కట్టుకున్నారు. మనకు అంత అవసరం లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లోనూ, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారి బుర్రవీణకు 2024లోనూ పద్మశ్రీ గౌరవం వచ్చింది. పెద్దల వెంట ఊరూరా తిరుగుతూ, వినేవాళ్ల ముందరే నేర్చుకునే విద్యలు ఇవి. అక్కడ సాధనకూ ప్రదర్శనకూ మధ్య గోడ లేదు, అందుకే వేదిక భయం గురించిన మాట అక్కడ నేను విననే లేదు. మీ అమ్మాయి వారానికి రెండుసార్లు పక్కింటివారి ముందు, చుట్టాల ముందు, గుడి మండపంలో నలుగురి ముందు ఐదు నిమిషాలు వాయించాలి. ఎవరూ మార్కులు వేయకూడదు, మీరు కూడా. గుండె దడదడలాడినప్పుడు "భయపడొద్దు" అనడం కంటే "ఒంట్లో హుషారు వచ్చింది, వాయిద్దాం" అని తనకు తాను చెప్పుకోవడం మేలు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ జరిపిన ప్రయోగంలో, పాడబోయే ముందు తాము ఉత్సాహంగా ఉన్నామని పైకి చెప్పుకున్నవారు, ఆందోళనగా ఉన్నామని చెప్పుకున్నవారికంటే స్పష్టంగా మెరుగ్గా పాడారు. దడ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలను సంగీతకారులు వాడటం 1970ల నుంచీ ఉన్నదే, ఎవరో ఒకరు మీకూ సలహా ఇస్తారు. పిల్లకు వాటిని సొంతంగా ఇవ్వకండి, ఉబ్బసం ఉన్నవారికి అవి ప్రమాదకరం.

మార్కుల సంగతి త్వరగా ముగిస్తాను. 2020లో సాలా, గోబే అనే ఇద్దరు 54 అధ్యయనాలను, 6,984 మంది పిల్లల ఫలితాలను కలిపి చూశారు. పద్ధతిగా జరిగిన ప్రయోగాల్లో సంగీత శిక్షణ వల్ల తెలివితేటలు గానీ చదువు గానీ పెరిగిన దాఖలా కనిపించలేదు. మీ అమ్మాయి వయొలిన్ నేర్చుకోవడానికి వయొలిన్ మీద ఇష్టం చాలు, లెక్కల మార్కుల బరువు కూడా దాని మీద మోపవద్దు.

ఇక మీ అమ్మగారి విషయం. దీన్ని మీరు చివరి ప్రశ్నగా రాశారు గానీ, నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. ముందుగా ఒక జాగ్రత్త. తిండి, నిద్ర బాగా తగ్గిపోయినా, నెలలు గడిచినా ఏ పని మీదా మనసు పెట్టకపోయినా, బతికి ఏం లాభమన్న మాట ఒక్కసారి వచ్చినా, అది పాటలతో చూసుకునే సంగతి కాదు, వైద్యుడికి చూపించాలి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 2022 నుంచి 14416 నంబరు మీద ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. కీళ్ల నొప్పుల వల్ల బయటికి కదలలేక ఒంటరైపోయారేమో కూడా కనుక్కోండి. మర్రిగూడ వైపు ఆ వయసువారిలో దుఃఖమూ నడుమునొప్పీ కలిసి కూర్చున్నప్పుడు, ఇంట్లోవారికి దుఃఖమే కనిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన నివేదిక, కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన మూడు వేలకు పైగా అధ్యయనాలను సమీక్షించింది. మేలు ఉందన్నది దాని సారాంశం, కానీ ఆ మేలు ఏ దారిన వస్తుందన్నది మీకు ముఖ్యం. వినడం వల్ల లాభం లేకపోలేదు, శస్త్రచికిత్సకు ముందు ఉండే ఆందోళన సంగీతం వింటే కొంత తగ్గుతుందని తేలింది. ఒంటరితనానికి మాత్రం విన్న పాట కంటే కలిసి పాడిన పాట ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం, దానికి ఆధారాలున్నాయి. 2018లో లండన్ పరిశోధకులు ఫ్యాన్‌కోర్ట్, పెర్కిన్స్ ప్రసవానంతర కుంగుబాటు లక్షణాలున్న 134 మంది తల్లులను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టు పది వారాలు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కలిసి పాడింది, ఒక జట్టు పిల్లలతో ఆటల్లో పాల్గొంది, మూడో జట్టుకు మామూలు వైద్యసాయం అందింది. తీవ్రమైన లక్షణాలున్నవారిలో పాడిన జట్టే త్వరగా కోలుకుంది, ఆరు వారాలకే లక్షణాలు సగటున 35 శాతం తగ్గాయి. బ్రిటన్‌లోనే 2015లో వచ్చిన మరో అధ్యయనం, కొత్తగా చేరిన పెద్దవాళ్ల పాట తరగతులను, చేతిపనుల, రచనా తరగతులను ఏడు నెలలు పోల్చి చూసింది. పాడినవారు మొదటి నెలలోనే ఒకరికొకరు దగ్గరయ్యారు, మిగతావారు ఏడో నెలకు ఆ దగ్గరితనాన్ని అందుకున్నారు. అంటే పాట లేకపోతే స్నేహం కుదరదని కాదు, పాటతో తొందరగా కుదురుతుంది. కలిసి ఒకే లయలో అడుగులేస్తూ కదలడం వల్ల నొప్పిని ఓర్చుకునే శక్తి కూడా పెరిగినట్లు అదే ఏడాది బ్రెజిల్ హైస్కూలు విద్యార్థులతో జరిగిన ప్రయోగంలో కనిపించింది.

ఇవన్నీ చదువుతుంటే నాకు బతుకమ్మ చుట్టూ తిరిగే వలయమే కళ్లకు కడుతుంది. ఒకామె పాట చెబుతుంది, మిగతావారు ఉయ్యాలో అంటూ అందుకుంటారు, చప్పట్లు అడుగులు ఒకే లయలో పడతాయి, తొమ్మిది రోజులు. వినేవారంటూ వేరే ఎవరూ ఉండరు, అందరూ పాడేవారే. మీ అమ్మగారు ఒకప్పుడు నాట్లలోనూ బతుకమ్మలోనూ పాట చెప్పేవారని మీరే రాశారు. నాన్నగారు పోయాక వెళ్లడం మానేశారని కూడా రాశారు. ఆమెకు భర్త పోవడంతో పాటే ఆ వలయమూ పోయింది. కొన్ని ఇళ్లలో భర్త పోయిన స్త్రీని పండుగ దగ్గరికి రానివ్వరు, కొన్ని చోట్ల ఎవరూ అనకపోయినా ఆమే వెనక్కి తగ్గుతుంది. మీ ఇంట్లో అలాంటి కట్టుబాటు ఉంటే, కొడుకుగా ముందు మీరు దాన్ని తీసేయాలి. ఆమెను ఆ వలయం నుంచి దూరం చేసి ఫోనులో పాట పెట్టడం వల్ల జరిగేది చాలా తక్కువ. ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వారానికి రెండుసార్లు అరుగు మీద కూర్చునేలా చూడండి. మొదట మాటలే సాగనివ్వండి, పాట దానంతట అది వస్తుంది. పాడమని బలవంతం చేయకండి, వీడియో అసలు తీయకండి.

చేయి విశ్రాంతిలో ఉన్న వారాల్లో మీ అమ్మాయిని నాయనమ్మ దగ్గర ఉంచగలిగితే ఉంచండి. పాటలు అడిగి నోటితో నేర్చుకోనివ్వండి. ఆ వయసు స్త్రీల గొంతు తరచుగా కిందికి దిగి ఉంటుంది, నాలుగో నాలుగున్నరో శ్రుతిలో హాయిగా పలుకుతుంది కనుక, తరువాత వయొలిన్ తోడు పట్టే రోజు వస్తే తీగలను ఆమె గొంతుకు దించాలి, ఆమె గొంతును తీగలకు పెంచకూడదు. ఆ పాటల్లో స్వరస్థానాలు మన రాగాల్లో ఇమడకపోతే వాటిని సరిదిద్దవద్దని అమ్మాయికి ముందే చెప్పండి.

ఈ వారంలోనే ఎముకల వైద్యుడికి చూపించి, ఆయన ఏమన్నారో, వేళ్లలో తిమ్మిరి ఉందో లేదో, బొటనవేలి కింద పెట్టిన కాగితం వచ్చిందో లేదో రాయండి. దాన్నిబట్టి ఐదు నిమిషాల సాధనలో ఏ వరసలు ముందు మొదలుపెట్టాలో చెబుతాను.